బస్సు ఆగే వీధి

మార్చి 3, సోమవారం

ఈ నోటుపుస్తకం పాఠాల గదిలో ఇచ్చారు. రోజూ నేర్చుకున్నవి ఇందులో రాసుకోవాలట. మొదటి పేజీలో గది నంబరు పద్నాలుగు అని రాశాను. మిగిలిన పేజీలు నా ఇష్టం. అత్తయ్యకు చదవడం రాదు కాబట్టి ఈ శరణార్థుల కేంద్రం మొత్తంలో నాకంటూ దొరికిన చోటు ఇదొక్కటే.

పద్నాలుగో గది అని పేరే గానీ గది కాదు. పాత గోడౌన్‌ను చెక్క పలకలతో ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో నంబరు తగిలించారు. రెండు మంచాలు, ఒక బల్ల, జానెడుకు మించి తెరుచుకోని కిటికీ. పదమూడో గదిలో ఆయన గురక మొదలుపెడితే ఇక్కడ మేం పక్కకు తిరిగి పడుకుంటాం. దేశం వదిలి ఇక్కడికొచ్చి ఏడు నెలలైంది.

ఇవాళ నోటీసు అంటించారు. బయట ఇల్లు కావాలంటే పెద్దవాళ్ళు ప్రతి ఒక్కరూ పన్నెండు పాఠాలు పూర్తి చేయాలి. పాఠమంటే పుస్తకం కాదు. మొహానికి పెట్టెలాంటి నల్ల కళ్ళజోడు తగిలిస్తారు. అది పెట్టుకుంటే ఇక్కడి వీధి కళ్ళముందుకు వస్తుందట. రోడ్డు దాటడం, బస్సెక్కడం, కొట్లో కొనడం, డాక్టరుకు చూపించుకోవడం, అన్నీ గదిలో నిలబడే నేర్చుకోవచ్చు. చివర్లో ఒకసారి మాత్రం నిజంగా బయటికెళ్ళి చేసి చూపించాలి.

అత్తయ్యతో ఇది అయ్యే పనేనా. వయసు అరవై ఎనిమిది, మంకుపట్టులో ఆరేళ్ళు.

మేం అత్తాకోడళ్ళం ఇద్దరమే. మా ఆయన లేరు. ఆ బస్సు సంగతి ఈ పుస్తకంలో రాయను.

మార్చి 5

పాఠాలు చెప్పే అమ్మాయి మనవాళ్ళ పిల్లే. నాలుగేళ్ళ కిందట మాలాగే వచ్చి, భాష నేర్చుకుని, ఇక్కడే ఉద్యోగంలో చేరింది. పాపం ఎనిమిది అరలు ఒక్కతే చూసుకోవాలి. ఒక్కో అరకు ఒక తెర, ఒక కళ్ళజోడు. లోపలికి వెళ్ళి ఎవరి కార్డు వాళ్ళే తాకిస్తే పాఠం మొదలవుతుంది.

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని మూడడుగులు వేసింది. "నేల ఊగుతోందే" అంటూ పొద్దున తిన్నదంతా పాఠాలమ్మాయి చెప్పుల మీద కక్కేసింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. కడిగింది కూడా నేనే.

"గుర్రానికి కట్టే గంతలు మనిషికి కడితే ఏమవుతుంది మరి," అంది మూతి తుడుచుకుంటూ. "ఊరు చూడాలంటే కళ్ళు తెరవాలి గానీ మూసుకుంటారా?"

"మీరు పాసవకపోతే మనకు ఇల్లు రాదు అత్తయ్యా."

"రాకపోతే పోయె."

తర్వాత నా వంతు. మొదటి పాఠంలో పెద్ద పనేం లేదు, వీధి మొదట్లో నిలబడి చుట్టూ చూడడమే. నీలం కోటు వేసుకున్న ముసలాయన ఎదురొచ్చి తల ఊపి వెళ్ళాడు. ఒక బక్క కుక్క నా కాళ్ళు వాసన చూసి తోక ఊపింది. ఎక్కడా ఒక్క అరుపు లేదు, ఎవరూ పరిగెత్తడం లేదు. ఇక తీసేయండి అంటే, ఇంకాసేపు అని అడిగాను.

మార్చి 6

ఒక ఉపాయం తట్టింది. మెడికల్ షాపు కౌంటరు వెనక పదకొండేళ్ళు నిలబడ్డదాన్ని. ఒకరి చీటీ ఇంకొకరు పట్టుకొచ్చేవాళ్ళు, మందు మాత్రం చేరాల్సినవాళ్ళకే చేరేది. ఇదీ అంతే. కార్డు తాకించింది ఎవరన్నది ఆ పెట్టె చూడదు. పదింటికి నా పాఠం, పదకొండింటికి అత్తయ్య పాఠం, రెండూ నేనే చేస్తాను. ఆ గంటా ఆవిడ వరండాలో బల్ల మీద కూర్చుంటుంది. ఎవరికీ నష్టం లేదు.

ఆవిడ కోసమే ఇదంతా.

మార్చి 11

రోడ్డు దాటడం పాఠం. నాకు తొంభై ఒకటి, అత్తయ్యకు తొంభై ఏడు. రెండోసారి చేసేసరికి చెయ్యి తిరుగుతుంది మరి. మా అత్తయ్య నాకంటే తెలివైనదని ఈ దేశంలో రికార్డయిపోయింది. ఆ మాటే చెబితే, "అది ముందునుంచీ ఉన్నదేగా," అంది.

మార్చి 14

ఆరో పాఠం. బస్సు.

మార్చి 15

నిన్న రాయబుద్ధి కాలేదు.

ఆ వీధిలో స్టాపు దగ్గర నిలబడితే బస్సు వస్తుంది. తలుపు తెరుచుకుంటుంది. నేను కదల్లేదు. బస్సూ కదల్లేదు. డ్రైవరు నవ్వుమొహంతో అలాగే కూర్చున్నాడు. చెవిలో ఒక ఆడగొంతు, "తొందరేం లేదు, మీరు సిద్ధమైనప్పుడే," అంది. ఎంతసేపు నిలబడితే అంతసేపూ ఆగే బస్సును నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఎక్కాను. దిగాను. మళ్ళీ ఎక్కాను. కళ్ళజోడు తీసేసరికి దాని అంచు స్పాంజి తడిసి ఉంది. చెమట అని చెప్పాను.

మార్చి 19

బస్సు పాఠం పదహారోసారి. "ఎప్పుడో పాసయ్యారు అక్కా, ముందుకెళ్ళండి," అంది పాఠాలమ్మాయి. అత్తయ్య కార్డు మీద చేసినవి కూడా కలిపితే ఇరవై మూడు. ఆవిడకు బాగా రావాలి కదా.

అత్తయ్య చెప్పులకు బురద. బల్ల మీద కూర్చునే మనిషికి బురద ఎక్కడిది. వరండా కడిగి ఉంటారు.

మార్చి 24

మా కిటికీలో రేకు డబ్బా, అందులో చిన్న మొక్క.

"ఎక్కడిది అత్తయ్యా?"

"ఇచ్చారు."

"ఎవరు?"

"ఇచ్చినవాళ్ళు."

ఈవిడ నోట్లోంచి మాట రాబట్టడం నా వల్ల కాదు. కేంద్రంలో మొక్కలు పంచుతున్నారేమో, నా దాకా రాలేదు.

పదమూడో గది ఆవిడ అడిగింది, మీరు ఒక్కసారి కూడా గేటు దాటరేం అని. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరుదాకా గేటు తెరిచే ఉంటుంది, ఎవరైనా వెళ్ళొచ్చు. నాకు అవసరం రాలేదు, అంతే. వీధి నాకు క్షుణ్ణంగా తెలుసు.

మార్చి 28

పన్నెండో పాఠం, ఇంటి తాళం తీయడం, వేయడం. ఆ ఇంటి కిటికీ రెక్కలు పూర్తిగా తెరుచుకుంటాయి. ఊరికే పదిసార్లు తెరిచి మూశాను.

ఇద్దరం పాస్. నాకు తొంభై మూడు, అత్తయ్యకు తొంభై ఎనిమిది.

ఏప్రిల్ 2, బుధవారం

ఫైళ్ళు చూసే ఆఫీసరు పిలిచాడు. ఆయన మాటలు మన భాషలో చెప్పడానికి పాఠాలమ్మాయి పక్కన కూర్చుంది. ఇల్లు వచ్చిందట, ఇక బయటి పరీక్ష ఒక్కటే మిగిలిందట. నాకు ఈ ఊళ్ళోనే, నలుగురు ఆడవాళ్ళు కలిసి ఉండే ఇంట్లో ఒక గది. అత్తయ్యకు వేరే ఊళ్ళో చిన్న ఇల్లు. రైల్లో ఆరు గంటల దూరం.

"మేమిద్దరం ఒకటే ఇల్లు కదా," అన్నాను.

"మీ ఆయన ఆచూకీ లేదు కాబట్టి కాగితాల ప్రకారం మీరు రెండు కుటుంబాలు అక్కా," అంది పాఠాలమ్మాయి. "ఒకరు ఒంటరిగా బతకలేని మనిషైతే రెండోవాళ్ళ ఫైల్లో 'ఆధారపడిన వ్యక్తి' అని రాసి కలిపి ఉంచుతారు. మామ్మగారికి ఆ అవసరం లేదంటున్నారు సారు. ఆవిడకు తొంభై ఎనిమిది వచ్చిందట."

ఆఫీసరు అత్తయ్య మార్కుల కాగితం నావైపు తిప్పి మెచ్చుకోలుగా వేలితో తట్టాడు. పైనుంచి కిందికి ఆ మార్కులన్నీ నావే.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆయన వెనక గోడ మీద మన భాషలోనే రాసి ఉంది: ఒకరి కార్డు మరొకరు వాడితే ఇద్దరి పాఠాలూ రద్దు, ఇద్దరి పేర్లూ జాబితా చివరికి. జాబితా చివరికంటే ఇంకో రెండేళ్ళు ఈ పలకల మధ్యే. తెరిచిన నోటితో చాలా థాంక్స్ అని చెప్పి వచ్చేశాను.

చెబితే ఇద్దరం ఇక్కడ. చెప్పకపోతే ఆవిడ అక్కడ, నేను ఇక్కడ. నా చేతులతో నేనే చేసుకున్నాను.

ఏప్రిల్ 3

పీడా విరగడైందనుకోవచ్చు కదా. పదిహేనేళ్ళుగా ఆవిడ సణుగుడు వింటున్నదాన్ని. అలా అనుకుందామని పొద్దుటినుంచీ ప్రయత్నిస్తున్నాను. ముద్ద దిగలేదు.

ఏప్రిల్ 4

అత్తయ్యకు అంతా చెప్పాను. మిగిలిన దారి ఒక్కటే, బయటి పరీక్ష. సోమవారం ఆవిడకు, మంగళవారం నాకు. గేటు దాటి, బస్సెక్కి, నాలుగు స్టాపులవతల దిగి, కొట్లో రొట్టె, సబ్బు కొని తిరిగి రావాలి. పాఠాలమ్మాయి కాగితం పట్టుకుని వెనకే వస్తుంది గానీ సాయం చేయదు.

"మీరు గేటు దగ్గరే తెల్లమొహం వేశారనుకోండి, ఫెయిల్ అని రాస్తారు. అప్పుడు నా ఫైల్లో కలిపేస్తారు. కలిసి ఉండొచ్చు."

"నన్నేం చేయమంటావ్?"

"ఏమీ చేయొద్దు. మీకు రాదు కదా, రానట్టే ఉండండి."

డబ్బా నిండేదాకా మొక్కకు నీళ్ళు పోసింది. చివరికి, "సరేలే," అంది. ఈ మనిషి ఇంత తేలిగ్గా సరే అనగా పదిహేనేళ్ళలో వినలేదు.

ఏప్రిల్ 7, సోమవారం

గంటన్నరలో తిరిగొచ్చింది. ఒక చేతిలో రొట్టె, ఒక చేతిలో సబ్బు. వెనకాల పాఠాలమ్మాయి ఆయాసపడుతూ వచ్చింది.

"మామ్మగారే నాకు దారి చూపించారు అక్కా. బస్సు డ్రైవరు ఆవిణ్ణి చూసి చెయ్యెత్తాడు. కొట్టామె స్టూలు వేసి కూర్చోబెట్టి, మొక్క ఎలా ఉందని సైగ చేసి అడిగింది. రోజూ పదకొండింటికి వస్తారట." అంటూనే ఆగింది. "పదకొండింటికి ఆవిడ నా దగ్గర పాఠంలో కదా ఉండాలి."

నేను గోడవైపు చూశాను. ఆ పిల్ల కాసేపు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పాస్ అయ్యారు అని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది. ఆ పిల్లకు పుణ్యముంటుంది.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"రానట్టు ఉండమన్నాను కదా."

"రానిదైతే రానట్టు ఉండేదాన్ని. వచ్చినదాన్ని ఎలా పోగొట్టుకునేది?"

"ఎప్పట్నుంచి వెళ్తున్నారు?"

"నువ్వు నా గంతలు కట్టుకున్న రోజునుంచే. ఆ బల్ల మీద కూర్చుంటే నడుము పట్టేసింది. గేటు దగ్గరతను వెళ్ళమని చెయ్యి ఊపాడు, వెళ్ళా. మొదటిరోజు తప్పిపోయా. రెండోరోజు కొంచెం తక్కువ తప్పిపోయా."

"నాకొక్క మాట చెప్పలేదేం?"

"చెబితే నువ్వూ రావాలి. రాలేనని నీ నోటితో నువ్వు చెప్పుకోవాల్సొస్తుంది. అదెందుకులే అని."

అప్పుడు మంచం మీద కూర్చుని, నావైపు చూడకుండా అంది. "నన్ను చూసినప్పుడల్లా నీకు వాడే గుర్తొస్తాడు. నేను పక్కకు తప్పుకుంటే నీ బతుకు నువ్వు బతుకుతావనుకున్నా. అందుకే పాసయ్యా."

మీరు తప్ప నాకెవరూ లేరు అత్తయ్యా అని అనాలి. రొట్టె మెత్తగా ఉంది అన్నాను.

ఏప్రిల్ 8

ఫెయిలయ్యాను. కావాలనే ఫెయిలయ్యాను.

ఏప్రిల్ 9

కావాలనే. ఆవిడ ఫెయిలవనప్పుడు నేనే ఫెయిలైతే సరిపోతుంది కదా. ఒంటరిగా బతకలేని మనిషి ఎవరైతేనేం, ఒకరుండాలి. ఈ ఉపాయం గేటు దగ్గర తట్టింది.

గేటు దాటాను. అదే వీధి, అవే మలుపులు, కళ్ళజోడులో చూసినవే. కానీ గాలి మొహానికి కొట్టింది. కళ్ళజోడు వీధిలో గాలి లేదు. డీజిల్ వాసన వచ్చింది. ఎవరిదో సంచి నా మోచేతికి రాసుకుంది, ఆ మనిషి వెనక్కి కూడా చూడలేదు. నీలం కోటాయన రాలేదు. రాడని నాకు తెలుసు, అయినా వెతికాను. స్టాపుకు చేరుకున్నాను. బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. నేను ఇంకా ఊపిరి పీల్చుకుంటుండగానే మూసుకుని వెళ్ళిపోయింది. ఎవరూ తొందరేం లేదనలేదు. రెండోదీ అంతే. మూడోది వెళ్ళిపోయాక చూసుకుంటే రోడ్డు పక్కన కింద కూర్చుని ఉన్నాను. చెయ్యి పైకెత్తి ఉంది. ఎందుకెత్తానో తెలియదు.

అత్తయ్య గేటు దగ్గరనుంచి చూస్తోందట. వచ్చి చంకలో చెయ్యి వేసి లేపింది. పాఠాలమ్మాయి ఏడుస్తూ కాగితం మీద ఏదో రాసుకుంది.

ఉపాయం బాగానే పారింది.

ఏప్రిల్ 11, శుక్రవారం

అత్తయ్య పొద్దున్నే తల దువ్వుకుని, పాఠాలమ్మాయిని వెంటబెట్టుకుని ఫైళ్ళ ఆఫీసుకు వెళ్ళింది. నన్ను రావద్దంది. తిరిగొచ్చి కాగితం నా ఒళ్ళో పడేసింది.

"ఈ అమ్మాయి నామీద ఆధారపడింది అని రాయమన్నా. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ మీద ఆధారపడతారు గానీ ఇలా రాయరన్నాడు. అలా అని కాగితంలో ఉందా అని అడిగించా. కళ్ళద్దాలు పెట్టుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. లేదు. ముద్ర వేశాడు."

కుటుంబ పెద్ద: అత్తయ్య. ఆధారపడిన వ్యక్తి: నేను. ముప్పై తొమ్మిదేళ్ళు, పదకొండేళ్ళ ఉద్యోగం, తొంభై మూడు మార్కులు.

వేరే ఊళ్ళో ఆవిడకిచ్చిన ఇంట్లోనే ఇద్దరం ఉంటాం. ఇరవై ఆరో తారీకు ప్రయాణం. స్టేషనుదాకా మామూలు బస్సులోనే వెళ్ళాలి.

సంతోషంగా ఉంది. మామూలు బస్సు.

ఏప్రిల్ 14

అత్తయ్య చెప్పులు నా ముందు పెట్టి, "పద," అంది. గేటు నుంచి మొదటి దీపస్తంభం దాకా వెళ్ళి వచ్చాం.

ఏప్రిల్ 15

మొదటి స్తంభం దాకానే.

ఏప్రిల్ 17

మూడో స్తంభం. ఒక సైకిలు గంట కొడితే ఆవిడ కొంగు పట్టుకున్నాను. "చీర ఊడొస్తుందే, చెయ్యి పట్టుకో," అంది.

ఏప్రిల్ 18

పాఠాల గదికి వెళ్ళి, ఒక్కసారి బస్సు పాఠం చేస్తానని అడిగాను. "మీ కార్డు మూసేశారు అక్కా," అంది.

ఏప్రిల్ 21

స్టాపులో బెంచీ దాకా వెళ్ళాం. మూడు బస్సులు వచ్చి వెళ్ళాయి. మేం ఎక్కలేదు. నాలుగోది వెళ్ళాక నేనే మొదలుపెట్టాను, ఎలా మొదలుపెట్టానో.

ఆ రోజు బస్సు ఆగినప్పుడు ఆయన నీళ్ళు పట్టుకొస్తానని సీసా తీసుకుని దిగారు. కాల్పులు వినబడ్డాయి. బస్సు కదిలింది. ఆయన చెయ్యెత్తి పరిగెత్తుకొస్తున్నారు. నేను కిటికీ పక్కనే ఉన్నాను. ఆపండి అని ఒక్క మాట. నోరు రాలేదు.

అత్తయ్య నిద్రపోతోందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

"నేను నిద్రపోలేదే," అంది. "నేనూ చూశా. ఆపితే అందరినీ చంపేస్తారని నేనూ నోరు మూసుకున్నా. కన్నతల్లిని."

ఎనిమిది నెలలుగా ఒకే గదిలో ఒకరినుంచి ఒకరం దాక్కుంటున్నాం.

ఏప్రిల్ 25

ఏప్రిల్ 8న కావాలనే అని రాశాను. కొట్టేశాను.

రేపు నావల్ల కాదేమో.

ఏప్రిల్ 26, శనివారం

బస్సులో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి.

రెండు సంచులు, మొక్క డబ్బా. గేటు దగ్గర పాఠాలమ్మాయి అత్తయ్యకు కొత్త చెప్పులిచ్చింది. నాకేమీ ఇవ్వలేదు, గట్టిగా పట్టుకుంది.

బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. నా కాళ్ళు మళ్ళీ అక్కడే పాతుకుపోయాయి. అత్తయ్య ఎక్కలేదు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద పెట్టి, మొక్క డబ్బా గుండెకానించుకుని తలుపుకు అడ్డంగా నిలబడింది. డ్రైవరు ఏదో అన్నాడు. ఇది రోజూ చెయ్యెత్తే డ్రైవరు కాదు. హారన్ కొట్టాడు. తలుపు మూసుకోబోయి, ఆవిడ భుజానికి కొట్టుకుని మళ్ళీ తెరుచుకుంది. ఇంకోసారి కొట్టుకుంది. లోపలివాళ్ళు గట్టిగా సణుగుతున్నారు. ఆవిడ ఎవరివైపూ చూడలేదు.

"నిదానంగా రా," అంది. "నువ్వు ఎక్కేదాకా ఇది కదలదు. నేను కదలనివ్వను."

బస్సు ఆగింది. నిజం బస్సు, వాసన వచ్చే బస్సు, నేను ఎక్కేదాకా ఆగింది.

ఆవిడ భుజం మీద తలుపు కొట్టుకున్న చోట కమిలిపోయింది. మందు రాస్తానంటే ఇల్లు చేరాక చూద్దాంలే అంది. కిటికీ పక్కన కూర్చోమంటే నేను వద్దన్నాను, ఆవిడే కూర్చుంది. ఇంకా ఐదు స్టాపులున్నాయి. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ, ఎవరెక్కుతున్నారా అని ఇద్దరం తలలు తిప్పి చూస్తున్నాం.